దిండు సర్దినవాడు

పాట అర్థం కాకపోతే ఎవరైనా వదిలేస్తారు. వీళ్ళు అర్థం కానందుకే పట్టుకున్నారు.

వడ్రంగి ఆ తంతు చాలాకాలంగా చూస్తున్నాడు. ఆదివారం వచ్చిందంటే కోడలు వంటింటి పని హడావుడిగా ముగించి పఠనాలయం మేడ మీది గదికి పరిగెత్తేది. అక్కడ లెక్కల మాస్టారు, ఫోటో స్టూడియో ఆయన, ఇంకొందరు ఉండేవాళ్ళు. అందరూ ఒకే మనిషి పాటలకి అభిమానులు. ఒక్కో మాటనీ వేరుసెనక్కాయ వలిచినట్టు వలిచి, గింజ దొరికిందని ఒకరు, అది పుచ్చు గింజని ఇంకొకరు పొద్దుగూకేదాకా వాదించుకునేవాళ్ళు.

ఆ మనిషిని లోకమంతా కవిగారంటుంది. వడ్రంగికి మాత్రం అతను నూనెడబ్బా.

నూలు మిల్లు నడిచే రోజుల్లో ఆ కవిగారు స్పిన్నింగు షెడ్డులో నూలు వడికే ఫ్రేములకి నూనె పోసేవాడు. పొడుగు ముక్కు డబ్బా ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది. ఆ షెడ్డులోనే వడ్రంగి భార్య ఫ్రేముల దగ్గర తెగిన పోగులు అతికేది. వడ్రంగి పని మాత్రం మిల్లు వెనక పెరట్లో, నూలు పంపే చెక్కపెట్టెలు కొట్టడం. నూనెడబ్బా ఆమెను అక్కా అనేవాడు, ఇతన్ని బావా అనేవాడు. నోటిమాటగా కలుపుకున్న వరసే గానీ, సొంత తమ్ముడైనా అంతకన్నా ఎక్కువ చేసేవాడు కాదు. మిల్లు మూతపడింది. అతను పాటలు కట్టుకుంటూ పోయి పెద్దవాడయ్యాడు. అక్క దినాలు అయిన తర్వాత గుమ్మం తొక్కలేదు. పేరొచ్చింది, మనం కంటికి ఆనలేదని వడ్రంగి సరిపెట్టుకున్నాడు. భార్య పోయాక ఇతను ఇంట్లో పాట పెట్టనివ్వలేదు. కోడలు కాపురానికి వచ్చింది ఆ తర్వాత. అత్తగారి ముఖం ఎరగదు. పాట వినాలంటే పెరట్లోకి పోయి వినేది.

ఆ ఆదివారం సాయంత్రం కవిగారు స్వయంగా వస్తున్నాడు. వేదిక మీద వేసే బల్లకి ఒక కాలు ఊగుతోంది. కోడలు పొద్దున్నే మామగారి చేతిలో పనిముట్ల సంచి పెట్టి మరీ వెంటబెట్టుకొచ్చింది.

"కవిగారు చెయ్యి ఆనిస్తే బల్ల పక్కకి ఒరిగిందనుకోండి, పరువు మనదే పోతుంది మావయ్యా" అంది.

"ఆయన చెయ్యి ఆనించడమే ఎక్కువ. ఒకప్పుడు నూనె మరకలు పడతాయని ఎవరూ బల్ల దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు."

"ఆ ముక్క సాయంత్రం అందరిముందు అనకండి."

వడ్రంగి బల్ల తిరగేసి కూర్చున్నాడు. వాళ్ళు కిటికీ దగ్గర కుర్చీలు లాక్కున్నారు. సాయంత్రం అడగవలసిన ప్రశ్న ఏదో తేల్చుకోవాలి. ఒక పాట దగ్గరే చిక్కుపడ్డారు, అది తేలేటట్టు లేదు.

"బొటనవేలంటే వేలిముద్ర. అంటే చదువురానివాడు" అన్నారు లెక్కల మాస్టారు. "భుజమంటే బరువు. చదువురానివాడు బరువు దాటుకుని వచ్చాడు. చదువుకున్న కవి అతనికి చెయ్యెత్తి దండం పెట్టలేకపోయాడు. సరిపోయిందా లేదా?"

"మీకు సరిపోనిదేముంది మాస్టారూ" అన్నాడు స్టూడియో ఆయన. "ముందు జవాబు రాసుకుని ఆ తర్వాత లెక్క చేస్తారు. మరి దిండు సంగతేమిటి?"

"దిండంటే సుఖం. దూది తీసినవాడికి చాప, చూస్తూ కూర్చున్నవాడికి దిండు."

"ఇది ప్రేమ పాటండీ" అంది కోడలు. "ఆవిడ వెళ్ళిపోతోంది. ఈయన చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఆ రాత్రంతా ఒంటరిగా దిండు కరిచి పడుకున్నాడు."

"నీకు అన్నీ ప్రేమ పాటలేనమ్మా. మొన్న రైలు పాట కూడా ప్రేమే అన్నావు."

"రైల్లో ప్రేమించకూడదని ఎక్కడుంది మాస్టారూ?"

స్టూడియో ఆయన నవ్వాడు. కోడలు ఇటు తిరిగింది. "మావయ్యా, మీరు చెప్పండి. మీకు తెలిసిన మనిషేగా."

"బల్ల కాలు చూస్తున్నా."

"అసలు విన్నారా? ఉండండి, చదువుతా. నాలుగు ముక్కలే."

వద్దనేలోపే చదివేసింది.

బొటనవేలు భుజం దాటింది
నా చెయ్యి లేవలేదు
దూది కురిసిన గదిలో
దిండు ఒక్కటే ఎత్తు పెరిగింది

వడ్రంగి సుత్తి ఎత్తి ఉన్నాడు. అది కిందికి దిగలేదు. కాసేపటికి దాన్ని మెల్లగా పక్కన పెట్టాడు.

"మళ్ళీ చదువు" అన్నాడు.

కోడలు సంబరపడిపోయింది. మామగారు పాట అడగడం అదే మొదటిసారి. మళ్ళీ చదివింది. ఈసారి రాగం కూడా కలిపింది. వడ్రంగి బల్ల కాలికి చీల బిగించి, ఊపి చూసి, సంచి సర్దుకుని మెట్లు దిగిపోయాడు. వెనక నుంచి మాస్టారు "ఆయనకీ అర్థం కాలేదు, పోనీలెండి" అనడం వినిపించింది.

అర్థం కాకపోవడమా. పాట ఎవరి గురించో దిండు దగ్గరే అర్థమైంది. మిగతాది అర్థం కావడమే మిగిలింది.

మిల్లు మూతపడ్డాక భార్యకి గొంతులో పుండు లేచింది. ఆపరేషను చేసి గొంతుకి గొట్టం పెట్టారు. మాట పోయింది. ఆమెకి అక్షరం రాదు. ఎడమ చేతికి సెలైను సూది గుచ్చి అట్టముక్కకి కట్టేశారు. మిగిలింది కుడిచెయ్యి ఒక్కటి. దాంతోనే నీళ్ళు కావాలనేది, దీపం ఆర్పమనేది, కొడుకు తిన్నాడా అని అడిగేది. అవన్నీ ఇతనికి తెలిసేవి. తెలియనిది ఒక్కటే. వేళ్ళు మడిచి పిడికిలి గుండె మీద ఆన్చేది. తర్వాత బొటనవేలు చాపి భుజం మీదుగా వెనక్కి చూపేది. అది షెడ్డు సైగ అని మాత్రం ఇతనికి అర్థమైంది. ఫ్రేముల మోతలో మాట వినపడదు గనక దూది కురిసే షెడ్డులో వాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. మిల్లు రోజుల్లో నేర్పమంటే ఆమె నేర్పలేదు. "మీకు నేర్పితే మీమీద చెప్పుకునేదెట్లా?" అని నవ్వేది.

నూనెడబ్బా రోజూ ఆసుపత్రికి వచ్చేవాడు. వరండాలోకి తీసుకెళ్ళి అడిగాడు వడ్రంగి. అంతకు ముందే డాక్టరు ఇతన్ని పిలిచి చెప్పాల్సింది చెప్పేశాడు. ఇంక చేసేదేమీ లేదు, ఉంచినా ఒకటే, ఇంటికి తీసుకెళ్ళినా ఒకటే, మీ ఇష్టం అన్నాడు. ఇంటికి వెళ్దామా అని ఆమెను అడగడానికి ఇతనికి నోరు రాలేదు. అడిగితే ఆశ లేదని తనే చెప్పినట్టవుతుంది. అందుకని ఒక్క మాట అనుకున్నాడు. తనంతట తను అడిగితే ఆ క్షణమే తీసుకెళ్ళిపోవాలి. ఆ మాట నూనెడబ్బాకీ చెప్పాడు. చెప్పి, ఆ సైగ చేసి చూపించి, ఇదేమిట్రా అని అడిగాడు.

నూనెడబ్బా గోడవైపు చూశాడు. "వీపు నొప్పి బావా. దిండు కాస్త పైకి జరపమంటోంది."

అప్పట్నుంచి ఇతను దిండు జరిపాడు. ఆమె బొటనవేలు భుజం దాటకముందే లేచి దిండు సర్దేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. చాల్లేదేమోనని ఇంకో దిండు తెచ్చి పెట్టాడు. ఆమె నూనెడబ్బా వైపు చూసేది. నువ్వయినా చెప్పరా అన్నట్టు ఉండేది ఆ చూపు. ఇప్పుడు అట్లా అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు. చివరి రోజుల్లో ఆమె ఆ సైగ మానేసింది. నొప్పి తగ్గిందని ఇతను సంతోషించాడు.

ఈ దిండు సంగతి తెలిసింది ముగ్గురికే. ఒకరు లేరు. ఒకడు తను. మూడోవాడు పాట రాశాడు. వీపు నొప్పికి ఎవడూ పాట కట్టడు.

వడ్రంగి ఇంటికి పోలేదు. మిల్లు వెనక వీధిలో కండెలమ్మ ఉంటోంది. షెడ్డులో నూలు చుట్టిన కండెలు పోగుచేసి బుట్టలకెత్తే పని చేసేది గనక ఆ పేరు. ఇప్పుడు ఇంటి ముందు గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఫ్రేముల మోత చెవులు సగం తినేసింది. పిలిచినా వినపడదు.

వడ్రంగి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసింది. ఇతను నోరు తెరవలేదు. పిడికిలి గుండె మీద ఆన్చాడు. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపాడు.

కండెలమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కుడిచెయ్యి తలకంటే పైకి లేచింది, అరచెయ్యి బార్లా తెరిచి. లేచిన తర్వాత గానీ ఆమెకే తెలియలేదు. తన చేతిని తనే చూసుకుని పకపకా నవ్వింది.

"చూశావా అన్నయ్యా, ఇంకా పోలేదు ఈ రోగం. మిల్లు మూశారు గానీ చెయ్యి మూసుకోలేదు. వదిన నేర్పిందా నీకు?"

"నేర్పింది. ఆలస్యంగా" అన్నాడు గట్టిగా, ఆమెకు వినపడేటట్టు. "ఏంటి దీనర్థం?"

"అర్థం తెలియకుండానే చేశావా? ఇంటికి పోతున్నా, నా ఫ్రేములు చూసుకో అని. పక్కవాళ్ళు చెయ్యెత్తాలి. నువ్వు పో, నేనున్నా అని."

"ఎత్తకపోతే?"

"ఎత్తకపోతే వెళ్ళకూడదు. ఫ్రేము వదిలేసి పోతే పోగులన్నీ తెగిపోవూ? ఎంత ఒళ్ళు బాగాలేకపోయినా సరే, ఎదుటివాళ్ళ చెయ్యి లేచేదాకా నిలబడాల్సిందే."

"ఎత్తనివాళ్ళు ఉండేవాళ్ళా?"

"ఎత్తకపోతే షెడ్డులో మళ్ళీ వాడి ముఖం ఎవరు చూస్తారు? నేను నిండు నెలలతో ఉన్నప్పుడు వదిన నా ఫ్రేములు, తన ఫ్రేములు రెండూ చూసింది. ముఖం కూడా చిట్లించలేదు."

వడ్రంగి గడపకి ఆనుకున్నాడు. "నూనెడబ్బాకి తెలుసా ఈ సైగ?"

"వాడికా? బాగా అడిగావు. ఒకచోట నిలబడే పని కాదు వాడిది, షెడ్డంతా తిరిగేవాడు. ఎవరు వెళ్ళాలన్నా ముందు లేచేది వాడి చెయ్యే." ఆమె నవ్వు ఆగిపోయింది. "ఏంటన్నయ్యా, ముఖం అట్లా అయిపోయింది? కూర్చో, మంచినీళ్ళు తెస్తా."

"వద్దు" అన్నాడు. చెప్పాల్సిందంతా ఆమె చెప్పేసింది.

వీధిలో నడుస్తుంటే కుడిచెయ్యి తనంతట తను బరువు తగ్గినట్టు పైకి రాబోయింది. దాన్ని జేబులో కుక్కుకున్నాడు. ఎత్తవలసినప్పుడు ఎత్తలేదు. భార్య అడుగుతూనే ఉంది. చెయ్యి లేవలేదు గనక కదలకుండా ఉండిపోయింది. కొత్తచోట, మందుల వాసనలో, ఎత్తు మీద ఎత్తు పెట్టిన దిండ్ల మీద, మెడ వంగిపోయి. ఇతను సేవ చేస్తున్నాననుకున్నాడు.

సాయంత్రానికి మేడ మీది గది నిండిపోయింది. కవిగారిని పక్కనున్న చిన్న గదిలో, పాత పత్రికల కట్టల మధ్య కూర్చోబెట్టారు. కోడలు టీ గ్లాసు పట్టుకుని వెళ్ళబోతుంటే వడ్రంగి అందుకున్నాడు. లోపలికి వెళ్ళి తలుపు వేశాడు.

నూనెడబ్బా జుట్టు నెరిసింది. ఒళ్ళు చేశాడు. ఇతన్ని చూసి గబుక్కున లేచాడు.

"బావా" అన్నాడు. "నువ్వు వస్తావని అనుకోలేదు."

"ఇవాళ నీ పాట విన్నా."

నూనెడబ్బా ఏ పాట అని అడగలేదు. మళ్ళీ కూర్చున్నాడు. వడ్రంగి టీ గ్లాసు ఒక పత్రికల కట్ట మీద పెట్టాడు.

"కండెలమ్మ దగ్గరికి వెళ్ళొచ్చా. సైగ చెప్పింది."

"బావా, అప్పుడు చెబితే నువ్వు అక్కని తీసుకెళ్ళిపోయేవాడివి."

"తీసుకెళ్ళేవాణ్ణి. అది నీకు చెప్పే ఉంచాను."

"ఇంటికి వెళ్తే పోతుంది. అక్కడుంటే డాక్టరు మాట తప్పవుతుందేమో, ఇంకా ఏదన్నా మందు... నాకు చెయ్యి లేవలేదు బావా. లేపితే నేనే పంపించేసినట్టు అవుతుంది."

"పంపాల్సింది నేను. నువ్వెవడివి?"

నూనెడబ్బా తల దించుకున్నాడు. బయట ఎవరో మైకు ఊది చూస్తున్నారు.

"అక్క నన్నే చూసేది" అన్నాడు. "రోజూ చూసేది. నువ్వు దిండు సర్దుతుంటే నా వంక చూసేది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. తలుచుకోని రోజు లేదు."

"తలుచుకున్నావు. రాగం కట్టావు. ఊరూరా పాడించావు. నాకొక్కడికే చెప్పలేదు."

"నీకు చెప్పలేకే పాటలో పెట్టా. ఏదో ఒక రోజు నువ్వు వింటావని. విని తిడతావని."

"నేను పాటలు విననని నీకు తెలుసు. అక్క దినాల నాడే నీ ముందే అన్నాను."

నూనెడబ్బా పత్రికల కట్టకున్న పురికొస లాగుతూ కూర్చున్నాడు.

"తెలుసు గనకే పాటలో పెట్టావు. తెలిసేటట్టు చెప్పాలంటే నా గుమ్మం ఎంత దూరం? బస్సెక్కితే సాయంత్రానికి రావచ్చు. నీకు నిజం చెప్పడానికి ధైర్యం చాలలేదు. పాటకి మాత్రం చాలింది." వడ్రంగి గొంతు పెంచలేదు. "ఆమె నాతో అన్న ఆఖరి మాట అది. నువ్వు దాచావు. దాచినదాన్ని తీసుకెళ్ళి ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పొడుపుకథ చేసి ఇచ్చావు. పొద్దున్న అక్కడ కూర్చుని నా కోడలు చెబుతోంది, అది ప్రేమ పాటట. మాస్టారు చెబుతున్నాడు, అది వేలిముద్రట."

"నన్నేం చెయ్యమంటావు బావా? సభలో చెప్పేస్తా. అందరిముందూ ఒప్పుకుంటా."

"చెప్పావంటే చూడు. ఆమె మాట ఇంకా పంచిపెడతావా? ఒప్పుకుంటే నీ గుండె తేలికవుతుంది. వాళ్ళు కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొడతారు. నీకింకో పాటవుతుంది."

"అయితే క్షమించానని ఒక్కమాట..."

"టీ చల్లారిపోతోంది" అన్నాడు వడ్రంగి. తలుపు తీసుకుని బయటికొచ్చి, వెనక వరసలో గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాడు. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఇద్దరూ పాత సంగతులు చెప్పుకున్నారా మావయ్యా?"

"చెప్పుకున్నాం."

సభ మొదలైంది. మాస్టారు చాలాసేపు పొగిడారు. కవిగారు వేదిక మీద బల్లకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. బల్ల ఊగలేదు. వాళ్ళు ఒకటి రెండు పాటల గురించి అడిగారు, అతను పొడిపొడిగా చెప్పాడు. తర్వాత మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"అందరం కలిసి అడగాలనుకున్న ప్రశ్న ఒకటే కవిగారూ. బొటనవేలు భుజం దాటడమంటే ఏమిటి? చెయ్యి ఎందుకు లేవలేదు? ఇన్నాళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాం. మీరు నవ్వి ఊరుకోకుండా ఇవాళ చెప్పి తీరాలి."

కవిగారు నవ్వలేదు. మైకు దగ్గరికి వంగాడు. ఏదో అనబోయి ఆగాడు. గది అంతా ఎదురుచూసింది. అతని చూపు వరసలన్నీ దాటుకుని వచ్చి గుమ్మం పక్క బెంచీ దగ్గర ఆగింది. వడ్రంగి ఆ చూపును తప్పించుకోలేదు.

నూనెడబ్బా పిడికిలి బిగించి గుండె మీద ఆన్చాడు. బొటనవేలు చాపి, భుజం మీదుగా వెనక్కి చూపాడు.

ముందు వరసలో ఎవరో "అదే, అదే" అన్నారు. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. కవిగారు ఎవరికి చూపుతున్నాడో చూశాయి. వేదిక మీది మనిషి చెయ్యి అలాగే ఉంది, దిగలేదు. కళ్ళు తడిగా ఉన్నాయి.

వడ్రంగి కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. దాని వంక ఒకసారి చూసుకున్నాడు. ఉలి పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి. ఎన్నో దిండ్లు ఎత్తిన చెయ్యి. అది మోకాలి మీదే ఉండిపోయింది.

కోడలు అతని భుజం పట్టి ఊపింది. "మావయ్యా, మీకేగా చూపిస్తున్నారు. ఏమంటున్నారు? చెప్పండి మావయ్యా, అందరూ మీవైపే చూస్తున్నారు."

"దిండు సర్దమంటున్నాడు" అన్నాడు వడ్రంగి.

ఒకరిద్దరు నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. అందులో ఏదో లోతు ఉందని ఆలోచనలో పడ్డారు. కోడలికి నవ్వాలో వద్దో తెలియక మామగారి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

వడ్రంగి లేచాడు. సంచి భుజాన వేసుకుని, ఎవరి చేతికోసమూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వేదిక మీద నూనెడబ్బా అట్లాగే నిలబడి ఉన్నాడు.